అనాథ రిసెప్టర్ల మీద పనిచేసే మందు నాన్నగారికి భద్రమేనా?

ప్రశ్న క్లుప్తంగా: విజయవాడ నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు. "మా నాన్నగారికి 58 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఇటీవల పరీక్షల్లో ఫ్యాటీ లివర్ అని తేలింది, ట్రైగ్లిజరైడ్లు 460 ఉన్నాయి. డాక్టరుగారు సరోగ్లిటజార్ 4 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్న మా చెల్లెలు, ఈ మందు ఆర్ఫన్ న్యూక్లియర్ రిసెప్టర్ల మీద పనిచేస్తుందని చెప్పింది. ఏ హార్మోన్ తగులుకుంటుందో తెలియని రిసెప్టర్ మీద మందు ఎలా తయారు చేశారు? అది భద్రమేనా? దీని బదులు గుగ్గులు మూలిక వాడితే అదే పని చేస్తుందని బంధువులు అంటున్నారు, నిజమేనా?"

నేను గుంటూరు కొత్తపేటలో ఇరవై ఏళ్లకు పైగా మధుమేహం, థైరాయిడ్, కొవ్వు సమస్యలున్న వారికి వైద్యం చేస్తున్నాను. ముందుగా సూటిగా సమాధానం చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను.

రిసెప్టర్ అంటే హార్మోన్ వంటి పదార్థం వచ్చి తగులుకుంటే కణానికి కబురు అందించే ప్రోటీను. మీ నాన్నగారికి రాసిన మందు పట్టుకునే రిసెప్టర్లు ఒకప్పుడు అనాథలే (ఆర్ఫన్లే) కానీ ఇప్పుడు కావు. శరీరంలో సహజంగా వాటికి తగులుకునే పదార్థాలేమిటో పాతికేళ్ల క్రితమే తేలింది. ఈ మందును మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు 2013లో, మధుమేహంతో పాటు రక్తంలో కొవ్వులు పెరిగిన వారి కోసం అనుమతించారు. సిర్రోసిస్ దశకు చేరని, కాలేయం వాపుతో కూడిన ఫ్యాటీ లివర్‌కు 2020లో అనుమతి వచ్చింది. కాబట్టి మీ డాక్టరుగారు మీ నాన్నగారి మీద ప్రయోగమేమీ చేయడం లేదు. గుగ్గులు దీనికి బదులు కాదు, పైగా రెండూ కలిపి వాడితే చిక్కు. ఇక భద్రత విషయానికి వస్తే, ఈ జాతి రిసెప్టర్లు ఒక్క అవయవానికి పరిమితమై ఉండవని ముందు తెలుసుకోవాలి. కాలేయంలో దీపం వెలిగిద్దామని స్విచ్ వేస్తే మూత్రపిండంలోనూ ఎముకలోనూ కూడా వెలుగుతుంది. అందుకే ఈ మందుల గురించి "పనిచేస్తుందా" అని అడిగి ఊరుకోకుండా "ఇంకా ఎక్కడెక్కడ పనిచేస్తుంది" అని కూడా అడగాలి. నా సమాధానమంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

న్యూక్లియర్ అనగానే అణుధార్మికత గుర్తుకొచ్చి భయపడిన రోగులను నేను చూశాను. ఇక్కడ న్యూక్లియస్ అంటే కణ కేంద్రకం మాత్రమే. ఇన్సులిన్ రిసెప్టర్ కణం గుమ్మంలో నిలబడి కబురు అందుకుని లోపలికి చేరవేస్తుంది. న్యూక్లియర్ రిసెప్టర్ల తీరు వేరు. వాటిలో చాలా భాగం కేంద్రకంలో డీఎన్‌ఏ మీదే కూర్చుని, తమకు తగిన పదార్థం వచ్చి చేరగానే ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో అక్కడికక్కడే నిర్ణయిస్తాయి. మనిషిలో ఇలాంటివి 48 ఉన్నాయి. స్టెరాయిడ్లు, థైరాయిడ్ హార్మోన్, విటమిన్ ఎ, విటమిన్ డి పనిచేసేది ఈ కుటుంబం ద్వారానే.

అనాథ అన్న పేరు నాకు మొదటి నుంచీ అంతగా నచ్చలేదు. దసరా రద్దీలో ఇంద్రకీలాద్రి కింద తప్పిపోయిన పిల్లవాణ్ణి మైకు దగ్గర కూర్చోబెట్టి, చొక్కా రంగు చెప్పి, "వీడి తాలూకు వారెవరైనా ఉంటే రావాలి" అని పిలుస్తారు. వాడు అనాథ కాడు, వాడి తాలూకు వారెవరో పిలిచేవారికి తెలియదు, అంతే. ఈ రిసెప్టర్ల సంగతీ అలాంటిదే. 1985లో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ జన్యువునూ, ఆ మరుసటి ఏడాది ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జన్యువునూ వేరు చేశారు. అన్నింటిలోనూ డీఎన్‌ఏను పట్టుకునే భాగం ఒకే పోలికతో ఉంటుందని గమనించి, ఆ పోలికనే ఎరగా వేసి వెతికితే కొత్త రిసెప్టర్లు వరసగా బయటపడ్డాయి. అమెరికాలో రోనాల్డ్ ఇవాన్స్ ప్రయోగశాల నుంచి 1988లో వచ్చిన రెండు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ సంబంధీకులు ఆ వరసలో మొదటివి. పేరులో ఈస్ట్రోజెన్ ఉందే గాని, ఈస్ట్రోజెన్ వాటికి తగులుకోదు. అంతకు ముందు వైద్యశాస్త్రంలో హార్మోన్ ముందు దొరికేది, రిసెప్టర్ తర్వాత దొరికేది. ఇక్కడ రిసెప్టర్ చేతిలో పెట్టుకుని, దానికి చెందిన పదార్థం కోసం ఊరంతా తిరగవలసి వచ్చింది.

తిరగగా తేలినదేమిటంటే, వీటిలో చాలా వాటికి చెందిన పదార్థాలు హార్మోన్లు కానే కావు. అవి మనం తినే తిండీ, దాన్నుంచి పుట్టే పదార్థాలూ. పీపార్ అనే ముగ్గురు అన్నదమ్ములకు (ఆల్ఫా, గామా, డెల్టా అనే మూడు రిసెప్టర్లకు) కొవ్వు ఆమ్లాలు తగులుకుంటాయి. ఎల్‌ఎక్స్‌ఆర్‌కు కొలెస్ట్రాల్ నుంచి పుట్టే ఆక్సీస్టెరాళ్లు తగులుకుంటాయని 1996లో, ఎఫ్‌ఎక్స్‌ఆర్‌కు పైత్యరసంలోని ఆమ్లాలు తగులుకుంటాయని 1999లో తెలిసింది. అసలైన హార్మోన్లు రక్తంలో అతి స్వల్పంగా ఉంటాయి గనుక వాటి రిసెప్టర్లు గట్టిగా పట్టుకుంటాయి. తిండి పదార్థాలు దండిగా ఉంటాయి కాబట్టి వాటి రిసెప్టర్లు వదులుగా పట్టుకుంటాయి, ఒక్కదాన్నే గాక పోలిక ఉన్న పది పదార్థాలను రానిస్తాయి. ఈ వదులుతనం వల్లనే వీటి మీద మందులు తయారు చేయడం సులువైంది. వేరే రోగానికి వాడే మందులూ మూలికలూ అనుకోకుండా వీటిలో దూరడానికి కారణం కూడా ఇదే.

మీ నాన్నగారి మందు విషయానికి వస్తాను. పీపార్‌లలో ఆల్ఫా ముఖ్యంగా కాలేయంలో ఉండి కొవ్వును కాల్చే జన్యువులను లేపుతుంది. మందుల చరిత్రలో వింత ఏమిటంటే, ట్రైగ్లిజరైడ్లను తగ్గించే క్లోఫైబ్రేట్ 1960లలోనే వాడుకలోకి వచ్చింది, అది పనిచేసే రిసెప్టర్ మాత్రం 1990లో గాని దొరకలేదు. ఇప్పుడు మనం రాసే ఫెనోఫైబ్రేట్ ఆ కోవలోదే. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగిన రక్తం ఎలా ఉంటుందో చూసినవారు మరచిపోరు. మా ల్యాబ్ టెక్నీషియన్ ఒకసారి సెంట్రిఫ్యూజ్ నుంచి తీసిన గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. లేత పసుపు రంగులో తేటగా ఉండవలసిన సీరం, చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది. అందులో ట్రైగ్లిజరైడ్లు 1,800 దాటాయి. ఆ స్థాయిలో క్లోమం వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ రోజే వైద్యం మొదలుపెట్టాం. మీ నాన్నగారి 460 ఆ అత్యవసర కోవలోకి రాదు, ఆలోచించి అడుగు వేసే వ్యవధి ఉంది.

పీపార్-గామా ఉండేది ముఖ్యంగా కొవ్వు కణాల్లో. దీన్ని అర్థం చేసుకోవడానికి మన మిర్చి యార్డు కన్నా మంచి పోలిక నాకు దొరకలేదు. సీజన్‌లో కోల్డ్ స్టోరేజీలు నిండిపోతే మిర్చి టిక్కీలు యార్డు దారుల్లోనూ షెడ్ల వసారాల్లోనూ పేరుకుపోతాయి, లారీ కదలడానికి చోటుండదు. చర్మం కింది కొవ్వు కణాలు మన కోల్డ్ స్టోరేజీలు. అక్కడ చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలోనూ కండరాల్లోనూ దిగుతుంది, అక్కడ ఇన్సులిన్ పని సాగదు. మన ప్రాంతంలో సన్నగా కనిపించే మనిషికి కూడా పొట్ట, ఫ్యాటీ లివర్, షుగర్ కలిసి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. పీపార్-గామాను లేపితే చర్మం కింద కొత్త కొవ్వు కణాలు తయారై, కాలేయంలోని సరుకు అక్కడికి తరలుతుంది. అందుకే ఈ గామాను లేపే షుగర్ మాత్ర పయోగ్లిటజోన్ వాడేవారిలో బరువు రెండు మూడు కిలోలు పెరిగినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. బరువు పెరిగిందని గాభరాపడి మాత్ర ఆపేసి వచ్చినవారికి ఈ లెక్క బోధపరచడానికి నాకు ఒక్కోసారి పావుగంట పడుతుంది.

అయితే పీపార్-గామా మూత్రపిండాల్లో కూడా ఉంది, అక్కడ అది ఉప్పును, దానితో పాటు నీటిని శరీరంలో నిలుపుతుంది. తెనాలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడకు ఇన్సులిన్‌తో పాటు పయోగ్లిటజోన్ 30 మిల్లీగ్రాములు నడుస్తోంది. నెలన్నర తర్వాత వచ్చి, షుగర్ బాగుందని చెబుతూనే, "గాజులు బిగిసిపోయాయి నాయనా, సబ్బు రాసినా రావడం లేదు" అన్నారు. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. గుండె పరీక్ష చేయిస్తే పంపింగ్ కాస్త తక్కువగానే ఉంది. మందు ఆపాక పది రోజుల్లో వాపు దిగింది. ఇన్సులిన్‌తో కలిపినప్పుడు ఈ నీరు చేరడం మరింత ఎక్కువ. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇది కేవలం అసౌకర్యంతో పోదు. ఎముక మూలుగలో ఇదే రిసెప్టర్, ఎముక కణం కావలసిన మూలకణాన్ని కొవ్వు కణం వైపు మళ్లిస్తుంది. అందుకే ఈ మందులు వాడే స్త్రీలలో ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించింది. మూత్రాశయ కాన్సర్ అనుమానంతో 2013 జూన్‌లో మన దేశంలో పయోగ్లిటజోన్‌ను నిలిపివేసి, జూలై ఆఖరున హెచ్చరిక ముద్రతో తిరిగి అనుమతించిన సంగతి మందుల షాపులవారికి బాగా గుర్తు. నేను ఇప్పటికీ ఈ మందు వాడుతున్నాను, కానీ 7.5 లేదా 15 మిల్లీగ్రాములకు మించకుండా. గుండె వైఫల్యం ఉన్నవారికీ, మూత్రాశయ కాన్సర్ వచ్చినవారికీ, కారణం తేలకుండా మూత్రంలో రక్తం పడుతున్నవారికీ అసలు రాయను.

సరోగ్లిటజార్ ఆల్ఫాను బలంగా, గామాను ఓ మోస్తరుగా లేపేలా అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ కంపెనీ రూపొందించిన మందు. రెండింటినీ ఒకేసారి లేపే మందుల కోసం ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలన్నీ ప్రయత్నించి చేతులు కాల్చుకున్నాయి. మురాగ్లిటజార్ గుండె సమస్యల వల్ల, టెసాగ్లిటజార్ మూత్రపిండాల మీద ప్రభావం వల్ల, అలెగ్లిటజార్ లాభం లేకపోగా ప్రమాదాలు కనిపించడం వల్ల ఆగిపోయాయి. సరోగ్లిటజార్ పరీక్షల్లో నీరు చేరడం, బరువు పెరగడం పెద్దగా కనిపించలేదు. నా రోగుల్లోనూ ట్రైగ్లిజరైడ్లు బాగానే దిగుతున్నాయి, కాలేయపు ఎంజైములు మెల్లగా తగ్గుతున్నాయి. కానీ ట్రైగ్లిజరైడ్ల అంకె తగ్గడం, గుండెపోటు తప్పడం ఒకటి కావు. 2022లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, పెమాఫైబ్రేట్ అనే ఆల్ఫా మందును పది వేలకు పైగా మధుమేహుల్లో పరీక్షిస్తే ట్రైగ్లిజరైడ్లు దాదాపు పావు వంతు తగ్గాయి, గుండె జబ్బులు మాత్రం తగ్గలేదు. సరోగ్లిటజార్ గుండెపోట్లను తగ్గిస్తుందని నిరూపించిన పెద్ద పరీక్ష లేదు. కాబట్టి గుండె కోసం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర తన పని తాను చేయవలసిందే. ఇది వచ్చింది గదా అని దాన్ని మానుకోకూడదు.

ఇంకొక చిన్న సంగతి. మన షాపుల్లో దొరికే కొలెస్ట్రాల్ మాత్రల్లో చాలా వాటిలో స్టాటిన్‌తో పాటు ఫెనోఫైబ్రేట్ కలిసే ఉంటుంది. నాన్నగారు అలాంటిది ముందు నుంచీ వాడుతుంటే, ఇప్పుడు సరోగ్లిటజార్ చేరితే ఒకే స్విచ్‌ను రెండు చేతులతో నొక్కినట్టవుతుంది. అట్ట మీది పెద్ద అక్షరాల బ్రాండు పేరు చూసి ఊరుకోకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి.

మందు ప్రభావం కోసం ఎన్నాళ్లు ఆగాలన్నది మీరు అడగలేదు గాని చాలామంది అడుగుతారు. ఈ మందులు జన్యువుల పనినే మారుస్తాయి. జన్యువు మేలుకోవాలి, ప్రోటీను తయారు కావాలి, కొవ్వు సర్దుకోవాలి. పది రోజులకే రక్తపరీక్ష చేయించి "గుణం లేదు" అని డాక్టరును మార్చేవారు డబ్బు దండగ చేసుకుంటున్నారు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి చూడాలి.

ఇప్పుడు నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ రిసెప్టర్ల గురించి నాకు పుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది అదే. పీఎక్స్‌ఆర్ అనే రిసెప్టర్‌ను 1998లో కనుగొన్నారు. దాని లోపలి గది చాలా విశాలమైనది, ఆకారాన్ని కూడా మార్చుకోగలదు. ఒంట్లోకి వచ్చిన పరాయి రసాయనాలను గుర్తుపట్టి, వాటిని విరగ్గొట్టే ఎంజైములను కాలేయంలో పెంచడం దాని పని. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని అతి బలంగా లేపుతుంది. విచిత్రంగా ఎలుకల పీఎక్స్‌ఆర్‌ను రిఫాంపిసిన్ పెద్దగా కదిలించదు, మనిషిదాన్నే కదిలిస్తుంది. ఎలుకల్లో చూసి మనుషులకు అన్వయిస్తే ఎంత తప్పిపోతామో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒక మిర్చి రైతుకు మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్ 60 మిల్లీగ్రాములతో షుగర్ చక్కగా అదుపులో ఉండేది. ఆయనకు ఊపిరితిత్తుల క్షయ వచ్చి ఆరు నెలల కోర్సు మొదలైంది. మూడో వారానికి పరగడుపు షుగర్ 240కి చేరింది. జబ్బు వల్ల కొంత పెరిగి ఉంటుంది, కానీ ముఖ్య కారణం వేరు. రిఫాంపిసిన్ లేపిన ఎంజైములు గ్లిక్లజైడ్‌ను పని చేయకముందే విరగ్గొట్టేస్తున్నాయి. నేను గ్లిక్లజైడ్ 120కి పెంచాను, షుగర్ దారికి వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆపిన రెండు మూడు వారాల్లో ఎంజైములు మామూలు స్థాయికి దిగుతాయని, అప్పుడు 120 మిల్లీగ్రాములు నిజంగానే 120గా పనిచేస్తాయని ఆయనకు చెప్పడం మరచిపోయాను. ఒక తెల్లవారుజామున ఆయన చెమటలు పట్టి మాట తడబడుతుంటే భార్య పంచదార నీళ్లు తాగించింది. అప్పుడు గ్లూకోమీటర్‌లో 46. ఆమె సమయస్ఫూర్తి వల్ల గండం గడిచింది. అప్పటి నుంచి క్షయ మందు మొదలుపెట్టే ప్రతి మధుమేహ రోగి చీటీ మీద, కోర్సు ముగిసే తేదీ పక్కన "షుగర్ మాత్ర తగ్గించాలి" అని ఎర్ర సిరాతో రాస్తున్నాను. వీలైన చోట ఆ ఆరు నెలలూ ఇన్సులిన్‌కే మారుస్తున్నాను, ఎందుకంటే ఇన్సులిన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైములు కావు. మెట్‌ఫార్మిన్ కూడా కాలేయంలో విరగదు కాబట్టి దానితోనూ ఈ గొడవ లేదు. గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడేవారికి మాత్రం ఇదే ప్రమాదం ఉంది.

గుగ్గులు సంగతి. రాజస్థాన్, గుజరాత్‌ల మెట్ట నేలల్లో పెరిగే చెట్టు జిగురు ఇది. కొవ్వు రోగాలకు దీన్ని వాడవచ్చన్న సుశ్రుతుడి మాటను ఆధారం చేసుకుని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతిగారు 1960లలో కుందేళ్ల మీద పరిశోధించారు. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని సారాన్ని మందుగా తీసుకొచ్చింది. 2002లో అమెరికా పరిశోధకులు, అందులోని గుగ్గుల్‌స్టెరోన్ ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను అడ్డుకుంటుందని చూపడంతో మన పాత మూలికకు అణుస్థాయిలో వివరణ దొరికిందని అందరూ సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. ఆ మరుసటి ఏడాదే 103 మంది మీద ఎనిమిది వారాల పాటు జరిగిన పరీక్షలో, గుగ్గులు వాడినవారిలో చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది, కొందరికి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. మన దేశంలో లోగడ జరిగిన పరీక్షల ఫలితాలు దానికి భిన్నంగా ఉన్న మాట నిజమే. తినే తిండి, శరీర తత్వం, సారం తీసిన విధానం వేరు కావడం వల్ల తేడా వచ్చిందేమో అన్న చర్చ ఉంది. నేను దానిలోకి దిగను. నాకు ముఖ్యమైనది వేరే సంగతి. గుగ్గుల్‌స్టెరోన్ ఎఫ్‌ఎక్స్‌ఆర్ దగ్గరే ఆగదు, పీఎక్స్‌ఆర్‌ను కూడా లేపుతుంది, అంటే రైతు కథలో రిఫాంపిసిన్ చేసిన పనినే చిన్న ఎత్తున చేయగలదు. బీపీకి వాడే ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ మందులు గుగ్గులుతో కలిపి ఇస్తే రక్తంలో వాటి మోతాదు తగ్గిందని లోగడే చూపారు. సరోగ్లిటజార్ పట్టుకునేది పీపార్‌లను, గుగ్గులు పట్టుకునేది వేరే రిసెప్టర్లను కాబట్టి "అదే పని చేస్తుంది" అన్న మాటకు ఆధారం లేదు. బంధువుల మాట కొట్టిపారేయలేకపోతే, కనీసం ఆ సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను అడ్డుకోకుండా లేపితే ఎలా ఉంటుందో కూడా చూశారు. ఒబెటికోలిక్ ఆమ్లం అనే మందు 2016లో పైత్యనాళాల జబ్బు ఒకదానికి అమెరికాలో అనుమతి పొందింది. ఫ్యాటీ లివర్‌కు అడిగితే 2023లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిరస్కరించింది. కాలేయపు మచ్చలు కొంత తగ్గినా, ఒళ్లంతా దురద, చెడ్డ కొలెస్ట్రాల్ పెరగడం, కాలేయానికే హాని జరగవచ్చన్న భయం తూకంలో బరువెక్కాయి. ఎల్‌ఎక్స్‌ఆర్ కథ ఇంకా పొట్టిది. దాన్ని లేపితే రక్తనాళాల్లోంచి కొలెస్ట్రాల్ బయటికి పోతుంది, కానీ అదే సమయంలో కాలేయంలో కొత్త కొవ్వు తయారవుతుంది. అక్కడితో ఆ ఉత్సాహం చల్లారింది.

మందుల మాట అలా ఉంచితే, ఈ రిసెప్టర్లలో పుట్టుకతో వచ్చే లోపం కూడా జబ్బు తెస్తుంది. హెచ్ఎన్ఎఫ్-4 ఆల్ఫా అనేదాని జన్యువులో మార్పు ఉంటే చిన్న వయసులోనే ఒక రకం మధుమేహం వస్తుందని 1996లో తేలింది. పందొమ్మిదేళ్ల సన్నటి కుర్రవాణ్ణి, టైప్ 1 అని ముద్ర పడి నాలుగేళ్లుగా రోజుకు నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు చేసుకుంటున్నవాణ్ణి, వాళ్ల నాయనమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. తండ్రికి, తాతకు కూడా పాతికేళ్ల లోపే షుగర్. మాటల మధ్య ఆమె, "వీడు నాలుగున్నర కేజీలతో పుట్టాడండీ, పుట్టగానే షుగర్ పడిపోయిందని గాజు పెట్టెలో పెట్టారు" అంది. నాకు అనుమానం బలపడింది అక్కడే. ఈ జన్యువులో మార్పు ఉన్న పిల్లలు కడుపులో ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుని సగటున 800 గ్రాముల దాకా అధిక బరువుతో పుడతారు, పెద్దయ్యాక అదే క్లోమం అలసిపోతుంది. జన్యు పరీక్షలో అనుమానం నిజమైంది. ఇలాంటివారికి గ్లిక్లజైడ్ కోవకు చెందిన సల్ఫొనైల్‌యూరియా మాత్రలు తక్కువ మోతాదులోనే బాగా పనిచేస్తాయి. జాగ్రత్తగా మారిస్తే మూడు వారాల్లో ఇంజెక్షన్లు ఆగిపోయాయి. మీ నాన్నగారికి నలభై ఆరేళ్లకు వచ్చింది గనుక ఆయనకు ఈ పరీక్ష అక్కర్లేదు.

ఈ సందర్భంలోనే జిమ్ములకు వెళ్లే కుర్రవాళ్ల సంగతి చెప్పాలి. పీపార్‌లలో మూడోదైన డెల్టాను లేపే ఒక రసాయనాన్ని కార్డరీన్ పేరుతో, జీవగడియారాన్ని నడిపే రెవ్-ఎర్బ్ అనే రిసెప్టర్ మీద పనిచేస్తుందని చెప్పే మరొకదాన్ని స్టెనబాలిక్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థి నా బల్ల మీద పెట్టిన సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని స్పష్టంగా రాసి ఉంది. కార్డరీన్ దీర్ఘకాలం ఇచ్చిన ఎలుకల్లో అనేక అవయవాల్లో కాన్సర్లు రావడంతో దాన్ని తయారు చేసిన కంపెనీయే వదిలేసింది. డోపింగ్ నిషేధ జాబితాలో రెండూ ఉన్నాయి. రెవ్-ఎర్బ్ మీద నాకు ఆసక్తి ఉన్న మాట నిజం. రాత్రిళ్లు లారీలకు సరుకెత్తి తెల్లవారుజామున భోంచేసే హమాలీల్లో షుగర్ ఎందుకు మొండికేస్తుందో అర్థం చేసుకోవడానికి అది ఒక దారి చూపుతోంది. కానీ వారికి నేను రాస్తున్నది మాత్ర కాదు, భోజనాన్ని పనికి ముందుకు జరపమన్న సలహా మాత్రమే.

మీ చెల్లెలి కోసం ఒక మాట. నిజంగా అనాథలుగానే మిగిలినవి కూడా ఉన్నాయి. మెదడులో డోపమైన్ కణాలకు కావలసిన నర్-1 అనే రిసెప్టర్ ఆకారాన్ని 2003లో చూసినప్పుడు, పదార్థం వచ్చి కూర్చోవలసిన గది స్థలమంతా దాని సొంత అమైనో ఆమ్లాలతోనే నిండిపోయి ఉంది. అంటే దాని తాలూకు వారి కోసం మైకులో ఎంత పిలిచినా ఎవరూ రాకపోవచ్చు, తన మోతాదు పెరగడం తగ్గడంతోనే అది పని నడుపుతూ ఉండవచ్చు. పార్కిన్సన్స్ మీద పనిచేసేవారు దాన్ని పక్కదారుల్లో లేపే ప్రయత్నంలో ఉన్నారు.

ఇక నాన్నగారి విషయంలో చేయవలసినవి. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి అదుపు తప్పిన షుగర్, థైరాయిడ్ లోపం, మద్యం చాలా మామూలు కారణాలు. మూడు నెలల సగటు షుగర్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూపించి, మద్యం అలవాటుంటే మొహమాటం లేకుండా చెప్పండి. మందు మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కాలేయపు ఎంజైములు చేయించి, పన్నెండు వారాలకు మళ్లీ చేయించండి. వారానికొకసారి ఒకే తూకం యంత్రం మీద బరువు చూసి రాసి పెట్టండి. పాదాల వాపు, ఆయాసం, కారణం లేని కండరాల నొప్పి, మూత్రం ఎర్రబడటం కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఫోను చేయండి. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు, లేహ్యాలు, చూర్ణాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ రిపోర్టులు వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే, మందు కొనసాగించడం గురించి నా అభిప్రాయం రాస్తాను.